ముప్పై ఆరో అంతస్తు కోటు

డయాలిసిస్ గదిలో ఆరు కుర్చీలు, ఆరు మిషన్లు. ఆరుగురి రక్తం బయటికొచ్చి, శుభ్రపడి, మళ్ళీ లోపలికి పోతూ ఉంటుంది. ఒక్కొక్కరికి నాలుగు గంటలు, వారానికి మూడుసార్లు. ఆ నాలుగు గంటలూ సూదులు గుచ్చిన చెయ్యి కదపకూడదు. కదిపితే మిషను గదంతా వినపడేలా మొత్తుకుంటుంది. గోడకు టీవీ ఒకటి ఉండేది గానీ, దాని రిమోటు కోసం మూడో కుర్చీకీ ఐదో కుర్చీకీ జరిగిన యుద్ధం తర్వాత హెడ్ నర్సు రిమోటుని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ తాళంచెవి ఎక్కడుందో ఇప్పుడు ఆవిడకే గుర్తులేదు.

అక్కడి టెక్నీషియన్‌ని అందరూ ఆటలక్క అంటారు. ఆ పేరు పెట్టింది రెండో కుర్చీలో కూచునే రిటైరైన బస్సు కండక్టరు. ఆటలక్కకి నలభై దాటాయి, నడుంనొప్పి ఉంది, కంప్యూటరు ఆటల పిచ్చి ఉంది. పిచ్చి అంటే నలుగురికీ ఉన్న పిచ్చి కాదు. కోట్లు పోసి తీసి, గోడలనిండా పోస్టర్లు వేసుకునే ఆటల పేరెత్తితే మొహం చిట్లిస్తుంది. పదేళ్ళ కిందటో, పదిహేనేళ్ళ కిందటో, ఎవరో ఒక్కడు ఓ గదిలో కూచుని తయారుచేస్తే, వందమంది కూడా ఆడకుండా మూలన పడిపోయిన ఆటలుంటాయి కదా, అవి ఆవిడకి కావాలి. వాటిని వెతికి, దుమ్ము దులిపి, తన పాత లాప్‌టాప్‌లో పెట్టుకొచ్చి, ఎవరికి ఏది సరిపడుతుందో చూసి చెబుతుంది. కండక్టరుకి రైలు పట్టాలు కలిపే ఆట ఇచ్చింది. జన్మంతా బస్సులో నిలబడ్డ మనిషి, ఇప్పుడు రైళ్ళు ఆలస్యమైతే ఊరుకోడు. నాలుగో కుర్చీ లెక్చరరు గారికి దీవిలో తిరుగుతూ పిట్టల కూతలు పోగుచేసే ఆట ఇచ్చింది. ఆవిడ ఆరునెలల్లో నూట పన్నెండు కూతలు పట్టి, నూట పదమూడోది ఎక్కడుందో ఎవరైనా చెబితే తిడుతుంది.

ఆటలు ఎంచడానికి ఆవిడకి కొన్ని నియమాలున్నాయి. ఒంటి చేత్తో ఆడగలగాలి. తొందరపెట్టకూడదు. బీపీ పడిపోయి మధ్యలో వదిలేస్తే మళ్ళీ అక్కడినుంచే మొదలవ్వాలి. రక్తం కనపడకూడదు, ఆ సరుకు గదిలో కావలసినంత ఉంది. అన్నిటికన్నా పెద్ద నియమం తనకోసం పెట్టుకున్నది: తను చివరిదాకా ఆడని ఆట ఎవరికీ చెప్పకూడదు. ఈ కుర్చీల్లో కూచునేవాళ్ళకి సగంలో ఆగిపోయిన పనులు ఇప్పటికే చాలా ఉన్నాయి, ఇంకోటి తను అంటగట్టకూడదని ఆవిడ లెక్క. ఆ నియమాన్ని తొమ్మిదేళ్ళలో ఒక్కసారే తప్పింది. ఆ ఒక్కసారీ టైలర్ మాస్టారి విషయంలో.

మాస్టారు ఆరో కుర్చీకి కొత్త. కోట్లు కుట్టడంలో పేరున్న మనిషి. కిడ్నీలు చెడినప్పటినుంచి వేళ్ళు తిమ్మిరెక్కి, సూదిలో దారం ఎక్కించడం కూడా కష్టమైపోయింది. సూదులు ఎడంచేతికి గుచ్చితే, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని గోడవంక చూస్తూ కూచునేవారు. పలకరిస్తే జవాబు లేదు. ఓ సోమవారం ఆయన భార్య మంచినీళ్ళ కూలర్ దగ్గర ఆటలక్క చెయ్యి పట్టుకుంది.

"ఈ నెలాఖరుతో మానేస్తారటమ్మా. కట్టేసిన బతుకు నాకొద్దంటున్నారు. ఏం చెప్పినా వినడం లేదు. మానేస్తే ఎన్నాళ్ళుంటారు?"

ఎన్నాళ్ళో ఆటలక్కకి తెలుసు. వారం, మహా అయితే రెండు. ఆ మాట పైకి అనలేక, "నేనేదో ఒకటి చేస్తాను పిన్నిగారూ, మీరు కంగారుపడకండి" అంది. అనేశాక ఏం చేయాలో తోచలేదు.

సరిగ్గా అంతకు రెండ్రోజుల ముందు ఆవిడకో ఆట దొరికింది. పేరు కూడా సరిగ్గా లేదు దానికి. ముప్పై ఆరు అంతస్తుల భవనంలో నువ్వు లిఫ్టు నడిపే మనిషివి, తెరమీద ఓ మూల నిలబడి కనిపిస్తూనే ఉంటావు. రెండే మీటలు, పైకి, కిందికి. కింది అంతస్తులో ఒకావిడ సగం కుట్టిన కోటు తెచ్చి లిఫ్టులో తగిలించి, "ఇది ముప్పై ఆరో అంతస్తువాళ్ళకి" అని చెప్పి వెళ్ళిపోతుంది. ఎవరికో చెప్పదు. తర్వాత ఒక్కో అంతస్తులో ఒకరు ఎక్కుతారు, తమ గోడు ఏదో చెప్పుకుంటారు, దిగేముందు కోటుకి ఏదో ఒకటి చేస్తారు. ఒకరు గుండీ కుడతారు, ఒకరు చెయ్యి పొడుగు పెంచుతారు. ఆటలక్క పన్నెండు అంతస్తులు ఆడింది. ఇంకో వారం ఆగితే పూర్తయ్యేది. కానీ మాస్టారి వాలకం వారం ఆగేలా లేదు.

బుధవారం లాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు బల్లమీద పెట్టింది.

"నాకెందుకమ్మా పిల్లలాటలు?"

"పిల్లలకిస్తే రెండు నిమిషాల్లో అవతల పారేస్తారు మాస్టారూ. ఇందులో ఎవరూ కాల్చుకోరు, ఏదీ పేలదు."

ఆయన అద్దాలు తగిలించుకుని తెరమీద కోటు చూశారు. చూసి, చేరిన నాలుగు వారాల్లో మొదటిసారి గొంతు పెంచారు. "ఇది గీసినవాడెవడో జన్మలో కత్తెర పట్టినవాడు కాదు. కాలరు చూడు, మెడ చుట్టూ తువ్వాలు చుట్టినట్టుంది."

"అయితే తీసెయ్యనా?"

"ఉండనీ," అన్నారు. తెరకి ఇంకాస్త దగ్గరగా వంగి, "నువ్వు చివరిదాకా ఆడావా?" అన్నారు.

లేదంటే లాప్‌టాప్ మూసేసి గోడవైపు తిరుగుతారని ఆవిడకి భయం. "ఆడాను మాస్టారూ."

"బాగుంటుందా చివర?"

"చాలా బాగుంటుంది."

అబద్ధం చిన్నదే. పైగా వారంలో నిజమైపోయే అబద్ధం, ఈ ఆదివారం కూచుని ఆడేస్తే సరి అనుకుంది. ఆదివారాలు మూడు వెళ్ళిపోయాయి. బద్ధకం ఒక కారణం. మాస్టారి నోట వినడం తను ఆడడంకన్నా బాగుండడం ఇంకో కారణం. ఆయన రోజుకి రెండు అంతస్తులకన్నా ఎక్కరు. లిఫ్టు తలుపు వెడల్పుని కొలబద్దగా పెట్టుకుని, తెరమీద టేపు పరిచి, కోటు కొలతలు తీసి, జేబులో చీటీమీద రాసుకుంటారు. ఎవరి కోటో కొలతల్ని బట్టి తేలుస్తారట. గదిలో పందేలు మొదలయ్యాయి. కండక్టరు ఆ కోటు కచ్చితంగా ఆ బిల్డింగు ఓనరుదేనన్నాడు. లెక్చరరు గారు ఎవరో చచ్చిపోయినవాళ్ళదంటే అందరూ కలిసి ఆవిడ నోరు మూయించారు.

"ఛాతీ ముప్పై నాలుగు," అన్నారు మాస్టారు ఓ రోజు, సూదులు తీయించుకుంటూ. "కుర్రాడైనా కావాలి, బాగా చిక్కిన పెద్దమనిషైనా కావాలి. అదలా ఉంచు, ఎడమ భుజం అరంగుళం కిందికుందమ్మా. చూశావా? జీవితమంతా ఆ భుజంమీద ఏదో మోశాడు. ఏం మోశాడో తెలిస్తే మనిషి తెలిసిపోతాడు."

నెలాఖరు వచ్చింది, వెళ్ళింది. మాస్టారు మానలేదు. భార్య కూలర్ దగ్గర కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఆ కోటు ఎవరిదో తెలిసేదాకా వస్తానన్నారమ్మా. మాట మీద నిలబడే మనిషి. మీ ఆట చల్లగా ఉండాలి."

ఆ మాటకి సిగ్గేసింది ఆటలక్కకి. ఆ ఆదివారం వంట కూడా మానేసి కూచుని ఆడింది. మాస్టారు అప్పటికి పందొమ్మిదో అంతస్తులో ఉన్నారు. ఆవిడ ఇరవై దాటింది, పాతిక దాటింది, ముప్పై దాటింది. ముప్పై ఒకటిలో తలుపులు తెరుచుకున్నాయి. అవతల వసారా లేదు, మనుషుల్లేరు. తెల్ల అట్టమీద ఒకే ఒక్క ముక్క: "లిఫ్టు మరమ్మతులో ఉంది. మిగతా అంతస్తులు త్వరలో." కింద తేదీ. పదకొండేళ్ళ కిందటిది.

పైకి నొక్కింది. కిందికి నొక్కింది. లాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టింది. అట్ట అలాగే ఉంది. వేళ్ళమీద లెక్కేసింది. పన్నెండు అంతస్తులు, రోజుకి రెండు, వారానికి మూడురోజులు. సరిగ్గా రెండు వారాలు.

ఆట తయారుచేసినవాడికి ఉత్తరం రాసింది. పాత చిరునామా పనిచేయలేదు. ఆ ఆట గురించి పదేళ్ళ కిందట ఎక్కడో నాలుగు ముక్కలు రాసిన ఒకాయన్ని పట్టుకుంటే, ఆయన ఇంకొకర్ని చూపించాడు, ఆ ఇంకొకరు అసలు మనిషి నంబరిచ్చాడు. ఇప్పుడతను కార్లు నేర్పే డ్రైవింగు స్కూల్లో పనిచేస్తున్నాడు. ఆవిడ దాచకుండా అంతా రాసింది. ఇలా ఒక మనిషున్నాడు, ఆ చివర ఏముందో చూడ్డానికే వైద్యానికి వస్తున్నాడు, ఒక్క బొమ్మ గీసిచ్చినా చాలు అని రాసింది. మూడోరోజు జవాబొచ్చింది.

"నా ఆట ఇంకా ఎవరో ఆడుతున్నారంటే నమ్మలేకపోతున్నానండీ. ముప్పై ఆరో అంతస్తులో ఎవరుంటారో నాకే తెలీదు. కడుతూపోతే తెలుస్తుందేమో అనుకున్నాను, తెలియలేదు. అందుకే ఆపేశాను. ఆ ఫైళ్ళున్న కంప్యూటరు ఎప్పుడో పోయింది, ఒక్క బొమ్మ కూడా కలపలేను. మాస్టారు చెప్పిన ఎడమ భుజం సంగతి చదివి చాలాసేపు కూచున్నాను. అది కావాలని గీసింది కాదండీ. నాకు బొమ్మలు వేయడం సరిగ్గా రాదు, రెండు భుజాలూ సమానంగా ఎప్పుడూ రావు. నన్ను క్షమించమని చెప్పండి. లేకపోతే చెప్పకండి. మీ ఇష్టం."

మీ ఇష్టమట. ఆ రెండు మాటలూ చూసి ఆవిడకి ఒళ్ళు మండింది, వెంటనే ఏడుపొచ్చింది. తన ఇష్టంతో అయ్యేది ఒక్కటీ లేదు ఇందులో.

మాస్టార్ని ఆపి చూద్దామనుకుంది. శుక్రవారం లాప్‌టాప్ చార్జింగు పాడైందని చెప్పి, వేరే ఆట ఫోనులో పెట్టిచ్చింది. మాస్టారు ఫోను బోర్లా పెట్టి గోడవైపు తిరిగారు. రెండో గంటలోనే సూదులు తీసెయ్యమన్నారు. ఎంత బతిమాలినా వినకుండా, ఏమైనా తనదే బాధ్యతని కాగితంమీద సంతకం పెట్టి, రెండు గంటల ముందే లేచి వెళ్ళిపోయారు. మిషను తియ్యాల్సిన నీరు ఒంట్లో ఇంకా ఒక కిలో మిగిలే ఉంది. సోమవారం ఆవిడ మాట్లాడకుండా లాప్‌టాప్ తెచ్చిపెట్టింది. ఆట సాగితే ఆ అట్ట వస్తుంది, ఆపితే మనిషి లేచిపోతాడు. డాక్టరుతో అంటే ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "మనం చెప్పగలం, అంతే. లాక్కొచ్చి కూచోబెట్టలేం కదా" అన్నాడు. నిజమే.

ఇరవై ఒకటి, ఇరవై మూడు, ఇరవై అయిదు. రోజూ చెప్పేద్దామని వచ్చేది. రోజూ ఎవరి మిషనో మోగేది, లేదా మాస్టారే తల ఎత్తి, "ఇవాళ జేబు లోతు పెంచారమ్మా, కుడివైపు" అని చిన్నపిల్లాడిలా చెప్పేవారు. ఆ మొహం చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. ఒకరోజు సూది గుచ్చబోతూ ఆవిడ ఆ చోటు తుడవడమే మరిచిపోయింది. తొమ్మిదేళ్ళ అనుభవంలో ఎప్పుడూ అలా కాలేదు. "నీకు ఒంట్లో బాగుందా తల్లీ?" అని ఆయనే అడిగారు.

బుధవారం పదకొండింటికి లిఫ్టు ముప్పై ఒకటికి చేరింది. గదిలో అందరూ మెడలు చాచారు. మాస్టారు అట్టమీది ముక్క చదివారు. తేదీ చదివారు. ఒకసారి పైకి నొక్కారు, ఒకసారి కిందికి నొక్కారు. తర్వాత అద్దాలు తీసి ఆవిడవైపు తిరిగారు.

"ఇది ఇక్కడ పాడైనట్టుంది. నువ్వు చివరిదాకా ఆడావు కదమ్మా. ఎవరిదా కోటు?"

ఆ క్షణం కోసం రెండు వారాలుగా ఆవిడ ఒక జవాబు కుట్టుకుంటూనే ఉంది. అది వాడకూడదని అనుకుంటూనే కుట్టుకుంది. గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్యని చూసేసరికి నోట్లోంచి వచ్చేసింది. "లిఫ్టువాడిదే మాస్టారూ. అన్నాళ్ళూ అందర్నీ పైకీ కిందికీ మోశాడు కదా, అందుకని అన్ని అంతస్తులవాళ్ళూ కలిసి అతనికే కుట్టించారు. పైకి వెళ్ళాక తలుపు తెరిస్తే అక్కడొక అద్దం ఉంటుంది."

"అబ్బ!" అన్నాడు కండక్టరు. లెక్చరరు గారు కళ్ళద్దాలు పైకి తోసుకుని కళ్ళు ఒత్తుకున్నారు. ఆటలక్కకి ఒక్క నిమిషం, గట్టెక్కామేమో అనిపించింది.

మాస్టారు జేబులోంచి చీటీ తీశారు. ఒంటిచేత్తోనే మడత విప్పి, అద్దాలు మళ్ళీ పెట్టుకుని, పైనుంచి కిందిదాకా చదివారు.

"కుదరదమ్మా," అన్నారు నెమ్మదిగా. "లిఫ్టువాణ్ణి ఇన్నాళ్ళుగా చూస్తున్నాను, వాడి కొలత నాకు రాదా? వాడి ఛాతీ ముప్పై ఎనిమిది. ఈ కోటు వాడికి గుండీ పట్టదు. వాడి భుజాలు రెండూ సమానం." చీటీ మళ్ళీ మడిచారు. "నువ్వు ఆడలేదు."

"లేదు మాస్టారూ."

"అప్పుడూ ఆడలేదా? మొదట్లో అడిగినప్పుడు?"

"లేదు."

ఆయనకి కోపం వచ్చినా బాగుండేది. "తెలీకపోతే తెలీదనాల్సింది తల్లీ," అన్నారు. "నాకందరూ అన్నీ తెలిసినట్టే చెబుతున్నారు. ఇంకో అయిదేళ్ళంటాడు డాక్టరు, తగ్గిపోతుందంటుంది ఇంటిది. నువ్వొక్కదానివి అలా కాదనుకున్నాను." తర్వాత రెండు గంటలు ఆయన గోడవంకే చూశారు. ఆ భుజం బొమ్మ గీసినవాడి చేతకానితనమని ఆవిడకి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఆ ఒక్కటీ కూడా ఆయన దగ్గర్నుంచి లాక్కోలేకపోయింది.

వెళ్ళేటప్పుడు భార్య వెనకబడింది. "కాస్త అతికేలా చెప్పుండాల్సింది కదమ్మా. ముప్పై తొమ్మిదేళ్ళుగా కాపురం చేస్తున్నాను, కొలత తప్పితే ఆయన ఊరుకోరు" అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు. అందుకే ఆటలక్కకి ఎక్కువ బాధేసింది.

శుక్రవారం ఆరో కుర్చీ ఖాళీ. మిషను సిద్ధంచేసి, గొట్టాలు తగిలించి, గంటన్నర చూసింది. ఫోను చేస్తే భార్య ఎత్తింది. వెనకనుంచి మాస్టారి దగ్గు వినపడుతోంది. "ఇస్తున్నానమ్మా, ఉండు" అంది. "తీసుకోవడం లేదమ్మా" అంది చివరికి. సోమవారమూ రాలేదు. కండక్టరు తన రైళ్ళు ఆపేసి, "నన్ను తీసుకెళ్ళండక్కా ఆయన దగ్గరికి, నేను మాట్లాడతా" అన్నాడు. సూదులతో కట్టేసుకుని కూచున్న మనిషి, ఎక్కడికని వెళ్తాడు? ఆ సంగతి గుర్తొచ్చి తనే తల దించుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం చక్రాల కుర్చీలో తెచ్చారు. కాళ్ళు ఉబ్బిపోయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ఒక్కో శ్వాసకీ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. తనంతట తనే వస్తానన్నారో, స్పృహ సరిగ్గా లేనప్పుడు భార్య తెచ్చేసిందో ఎవరూ చెప్పలేదు. ఆటలక్క అడగలేదు. చేతులు వాటంతట అవే పని చేసుకుపోయాయి. సూదులు గుచ్చింది, గొట్టాలు కలిపింది, ముక్కుకి ఆక్సిజన్ పెట్టింది. ఆ తర్వాత చేయడానికి ఇంకేమీ లేదు. మిషను తిరగాలి, నీరు దిగాలి, అంతే. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ గదిలో స్టూలు లాక్కుని ఒక కుర్చీ పక్కన కూచుంది.

రెండు గంటలు గడిచాక ఆయన కళ్ళు తెరిచారు. ఊపిరి కాస్త నెమ్మదించింది. పెదాలు కదిలాయి. ఆవిడ వంగింది.

"లిఫ్టు... పెట్టు."

"అక్కడేమీ లేదు మాస్టారూ. అది తయారుచేసినతన్ని కూడా అడిగాను. అతనికీ తెలీదు."

"తెలీదన్నాడా?"

"తెలీదనే అన్నాడు."

ఆయన కాసేపు ఆ మాటనే చూస్తున్నట్టు పడుకున్నారు. "పెట్టు," అన్నారు మళ్ళీ.

లాప్‌టాప్ తెచ్చి బల్లమీద పెట్టింది. తెల్ల అట్ట, పక్కన మూలన తగిలించిన కోటు, దాని ఎడమ భుజం అరంగుళం కిందికి. ఆయన కుడిచెయ్యి ఎత్తబోయారు, రాలేదు. అలాగే దానివంక చూస్తూ ఉండిపోయారు. గుమ్మం అవతల బల్లమీద భార్య కూచుని ఉంది. ఆటలక్క అడగాల్సింది ఒక్కటే, అది అడగడానికి భయం వేస్తోంది. అయినా అడిగింది.

"శుక్రవారం వస్తారా మాస్టారూ?"

ఆయన కోటు మీదినుంచి చూపు తిప్పి ఆవిడ మొహంలోకి చూశారు.

"తెలీదమ్మా," అన్నారు.